బండి మీద బండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోటారు సైకిలును ట్రైలర్ మీద కట్టి కారు వెనక తీసుకువెళ్ళడం గురించి వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పొడవైనవాటిని కుదించి ప్రచురిస్తున్నాం. ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: నా మోటారు సైకిలు బరువు దాదాపు 200 కిలోలు. ట్రైలర్ మీద సైడ్ స్టాండు వేసి నిలబెట్టి, హ్యాండిల్ రెండు వైపులా, వెనక క్యారియర్‌కూ రాచెట్ బెల్టులు (పళ్ళచక్రపు పిడితో లాగి బిగించేవి) వేసి బాగా బిగించాను. దారిలో బండి పడిపోలేదు. అయినా గమ్యం చేరాక చూస్తే సైడ్ స్టాండు వంగి ఉంది, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగినట్టుంది, ట్యాంకు మీద అరచేతి వెడల్పున రంగు మసకబారింది. పడని బండికి ఇన్ని దెబ్బలు ఎలా తగిలాయి?

జవాబు: ట్రైలర్ మీద బండికి జరిగే నష్టంలో పడిపోవడం ఒక్కటే కనిపించే నష్టం. తక్కినదంతా కదలిక వల్ల వచ్చేదే. చిన్న ట్రైలర్‌కు వేసే కమానులు, అంటే స్ప్రింగు పట్టీలు, అది మోయగల పూర్తి బరువును దృష్టిలో పెట్టుకుని వేసినవి కాబట్టి, ఒక్క బండిని ఎక్కించినప్పుడు అవి దాదాపు వంగవు. రోడ్డు మీద ప్రతి గతుకూ నేరుగా పైనున్న బండికి చేరుతుంది. ఆ అదురుకు బండిలో ఏ భాగం కదిలే వీలుంటే ఆ భాగం అరుగుతుంది, ఏ భాగం మీద భారం పడితే ఆ భాగం వంగుతుంది. మీరు రాసిన మూడు దెబ్బలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

సైడ్ స్టాండు సంగతి ముందు చూద్దాం. ఒరిగి నిలబడిన బండి బరువులో కొంత భాగాన్ని కదలకుండా మోయడానికి మాత్రమే అది ఉంది. దాన్ని దించి ఉంచి బెల్టులు బిగిస్తే, బండి బరువుకు తోడు బెల్టులు కిందికి లాగే బలం కూడా దాని మీదే పడుతుంది. ఆపైన ప్రతి గతుకు దగ్గరా ఆ బలం ఒక్క క్షణం పెరిగి తగ్గుతూ ఉంటుంది. స్టాండు వంగడంతో పోతే మేలే, ఎందుకంటే స్టాండును పట్టి ఉంచే కొక్కెం ఫ్రేముకు అతికిన చోట చీలిక వస్తే ఆ మరమ్మతు చాలా పెద్దది. సెంటర్ స్టాండు వేసి కట్టడం కూడా మంచిది కాదు, అప్పుడు వెనక చక్రం గాలిలో ఉండి వెనక షాక్ అబ్జార్బర్లకు పనే లేకుండా పోతుంది. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలవాలి, స్టాండ్లు రెండూ మడిచి ఉండాలి.

మరి ఏ ఆధారంతో నిలుస్తుందంటే, ముందు చక్రం ఇమిడే ఇనుప బిగింపుతో, అంటే వీల్ చాక్‌తో. చాలామంది దీన్ని అదనపు సౌకర్యం అనుకుంటారు కానీ, మా అభిప్రాయంలో బెల్టుల కంటే ముందు కొనవలసినది ఇదే. సరుకును వాహనానికి కట్టే విధానం గురించిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 12195 ప్రకారం, కట్టు అనేది సరుకు బరువులో 0.8 వంతు బలాన్ని ముందువైపుకూ, 0.5 వంతు బలాన్ని పక్కలకూ వెనక్కూ తట్టుకోవాలి. మీ 200 కిలోల బండి విషయంలో ఇది గట్టి బ్రేకు వేసినప్పుడు ముందుకు 160 కిలోల తోపు, మలుపులో పక్కకు 100 కిలోల తోపు అన్నమాట. ముందుకు వచ్చే ఆ తోపును చాక్ మోస్తే, బెల్టులకు బండిని నిటారుగా నిలిపే పని ఒక్కటే మిగులుతుంది. అయితే చాక్‌ను ట్రైలర్ చెక్కకు మరలతో బిగిస్తే లాభం లేదు. బోల్టులు చెక్కను దాటి కింది ఇనుప చట్రాన్ని పట్టుకోవాలి.

ఇక హ్యాండిల్. చాలా బండ్లలో అదురు చేతులకు తెలియకుండా హ్యాండిల్‌ను రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెడతారు; స్పోర్ట్స్ బండ్లలో రెండు ముక్కల హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టాలకు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలకు, కేవలం బిగింపుతో పట్టిస్తారు. మొదటి రకం బెల్టు లాగుడుకు వాలుతుంది, రెండో రకం గొట్టం చుట్టూ తిరుగుతుంది. మీ బండికి జరిగింది ఈ రెండిటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. బెల్టు వేయవలసిన చోటు ఫోర్కు గొట్టాలు రెండింటినీ కలిపి పట్టుకునే కింది బిగింపు, అంటే మెకానిక్కులు ఫోర్కు టీ అనే భాగం. మెత్తటి నేత పట్టీని ఉచ్చులా దాని చుట్టూ వేసి, బెల్టు కొక్కేన్ని ఆ ఉచ్చుకు తగిలించాలి, ఇనుప కొక్కేన్ని నేరుగా బండికి తగిలించకూడదు. బిగించే ముందు ఒకసారి వంగి లోపలికి చూడండి: ముందు బ్రేకు గొట్టం, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సారు వైరు సరిగ్గా ఆ ప్రాంతంలోనే దిగుతాయి. బెల్టుకూ టీకీ మధ్య బ్రేకు గొట్టం ఒక గంట నలిగిందంటే పైకి ఏమీ కనిపించకపోవచ్చు, లోపలి పొర దెబ్బతిని ఉండవచ్చు.

ముందు బెల్టులు రెండూ బండి నుంచి కిందికి, పక్కకు, కొద్దిగా ముందుకు దిగాలి. నేలతో సుమారు 45 డిగ్రీల కోణం ఉంటే కిందికి పట్టే బలమూ పక్కకు పట్టే బలమూ సమంగా వస్తాయి. మరీ నిటారుగా దిగిన బెల్టు బండిని పక్కకు ఒరగకుండా ఆపలేదు. వెనక బెల్టులను వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు గానీ, వెనక ఫుట్‌రెస్టు ఫ్రేముకు కలిసే చోట గానీ వేసి వెనక్కు, కిందికి లాగితే చాలు. వెనక చక్రం ఎగిరి పక్కకు జరగకుండా చూడటమే వాటి పని గనుక ముందు బెల్టులంత బిగువు అక్కర్లేదు. క్యారియర్‌ను పట్టుకునేవి సన్నని బోల్టులు, అది సామాను పెట్టుకోవడానికి తప్ప బండి బరువును లాగడానికి కాదు.

ట్యాంకు రంగు పోవడానికి కారణం బెల్టు దానికి తగలడం. నేత సందుల్లో దుమ్ము చేరిన బెల్టు గంటల తరబడి అదురుతూ ఉంటే ఆకురాయిలా పనిచేస్తుంది. అది తగిలే చోట గుడ్డ మడిచి పెట్టమని చాలామంది చెబుతారు, కానీ గుడ్డ దారిలోనే జారిపోతుంది, జారకపోయినా దాని కిందకు దుమ్ము చేరుతుంది. బెల్టు దారినే మార్చి, రంగు వేసిన ఏ భాగానికీ తగలకుండా చూడటం అసలైన మార్గం. అది కుదరని ఒకటి రెండు చోట్ల బెల్టుకు గొట్టంలా తొడిగే మెత్తని తొడుగు వాడవచ్చు. వేడి సైలెన్సర్‌కు తగిలిన బెల్టు కరుగుతుందన్న సంగతి కూడా మరిచిపోవద్దు, బండిని నడిపి ట్రైలర్ ఎక్కించిన వెంటనే కట్టేవాళ్ళకు ఇది తరచుగా ఎదురవుతుంది.

ప్రశ్న: ముందు ఫోర్కులు పూర్తిగా కిందికి దిగేదాకా బెల్టు బిగించాలని ఒక మెకానిక్, అలా చేస్తే ఆయిల్ సీళ్ళు పోతాయని మరొక మెకానిక్ చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండో ఆయన మాటే వినండి, అయితే ఆయన చెప్పిన కారణం మాత్రం సగమే. ఫోర్కు దిగినకొద్దీ లోపల నూనె పైన చిక్కుకున్న గాలి ఒత్తుకుంటుంది, ఆ ఒత్తిడి నూనె బయటికి కారకుండా ఆపే సీలు మీద పడుతుంది. సీలు బాగున్న బండిలో కొన్ని గంటల పాటు అలా ఉన్నందువల్ల వెంటనే కారడం మొదలవ్వదు. అప్పటికే అరిగిన సీలు, లేదా అంచు కింద ఇసుక రేణువు ఇరుక్కున్న సీలు మాత్రం అప్పుడు బయటపడుతుంది. స్ప్రింగు కొన్ని గంటలు నొక్కుకుని ఉంటే బలహీనపడుతుందనే భయం కూడా అక్కర్లేదు.

అసలు ఇబ్బంది వేరే. ఫోర్కును పూర్తిగా దించేస్తే అందులో ఇక కిందికీ పైకీ కదిలే ప్రయాణం మిగలదు కాబట్టి గతుకుల దెబ్బ అంతా స్టీరింగ్ బేరింగులకూ ఫ్రేముకూ చేరుతుంది. కదలకుండా ఒకే స్థితిలో ఉన్న బేరింగు అదే పనిగా అదిరితే, గుండ్ల కింద ఉన్న గ్రీజు పక్కకు తప్పుకుని, లోహం లోహానికి రాసుకుని, గుండు కూర్చున్న చోటల్లా చిన్న గుంట పడుతుంది. కార్లను దూరప్రాంతాలకు చేరవేసేటప్పుడు అవి ఎవరి చేతికీ అందకముందే చక్రాల బేరింగులు ఇలా పాడవుతున్నాయని ఆల్మెన్ అనే అమెరికన్ ఇంజనీరు 1937లోనే గుర్తించాడు. మోటారు సైకిలులో దీని లక్షణం తేలికగా తెలుస్తుంది: ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే, సరిగ్గా నడిమికి రాగానే గంట్లో పడ్డట్టు ఒక్క క్షణం ఆగుతుంది. అలా ఆగితే బేరింగు మార్చవలసిందే, గ్రీజు పెట్టినంత మాత్రాన గుంట పూడదు.

మరీ వదులుగా కడితే జరిగేది ఇంకా ప్రమాదకరం. గతుకు దగ్గర ఫోర్కు ఒక్కసారిగా దిగినప్పుడు బెల్టు వదులై, ఆ అరక్షణంలోనే కొక్కెం ఊడిపోతుంది. అందువల్ల పద్ధతి ఇది: బండి తన బరువుతో తాను నిలబడి ఉన్నప్పుడు ఫోర్కు గొట్టం మీద సీలు అంచున ఒక సన్నని టేపు ముక్క అంటించండి. ఫోర్కు మొత్తం ప్రయాణంలో మూడో వంతు నుంచి సగం లోపు దిగేదాకా మాత్రమే బిగించండి. మామూలు రోడ్డు బండ్లలో ఆ ప్రయాణం 110 నుంచి 130 మిల్లీమీటర్లు ఉంటుంది గనుక, నాలుగైదు సెంటీమీటర్లు దిగితే సరిపోతుందన్నమాట. ఎత్తైన అడ్వెంచర్ బండ్లలో ఇంకొంచెం ఎక్కువ. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళ్ళకుండా, రాచెట్‌ను ఇటు రెండు పళ్ళు, అటు రెండు పళ్ళు చొప్పున లాగితే బండి నిటారుగానే దిగుతుంది. బెల్టులు విప్పాక, బండి నడపక ముందు, గొట్టాల మీద పేరుకున్న దుమ్మును శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడవండి. సీలు అంచు కిందకు ఇసుక దూరేది సాధారణంగా ఆ తర్వాతి మొదటి గతుకు దగ్గరే.

ప్రశ్న: ముందు చక్రాన్ని మాత్రమే పైకెత్తి, వెనక చక్రాన్ని రోడ్డు మీద దొర్లిస్తూ లాగే చిన్న ట్రైలర్ చూశాను. బండి న్యూట్రల్‌లో ఉంటుంది కాబట్టి ఇంజనుకు నష్టం లేదని అమ్మే వ్యక్తి అన్నాడు. నిజమేనా?

జవాబు: ఇంజను తిరగదన్నంతవరకే నిజం. వెనక చక్రం తిరిగితే గొలుసు, గొలుసుతో పాటు గేరుబాక్సులోని బయటి షాఫ్టు, దానితో జతపడిన పళ్ళచక్రాలు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. న్యూట్రల్ అంటే ఆ తిరుగుడు ఇంజను దాకా చేరదనే గానీ గేరుబాక్సు మొత్తం ఆగిపోతుందని కాదు. చాలా మోటారు సైకిళ్ళలో నూనెను పైకి తోడే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది; ఇంజను ఆగి ఉండి షాఫ్టు వేగంగా తిరుగుతున్నప్పుడు బుష్‌లకూ బేరింగులకూ సరిపడా నూనె అందదు. రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళి వర్క్‌షాపు చేరడం వేరు, రోజంతా రహదారి వేగంతో లాగడం వేరు. గొలుసుకు విప్పే లింకు ఉంటే దాన్ని తీసేసి లాగవచ్చు. రివెట్ వేసిన గొలుసు, బెల్టు డ్రైవు, షాఫ్టు డ్రైవు ఉన్న బండ్లకు ఆ వెసులుబాటు లేదు గనుక వాటిని ఇలా దూరం లాగవద్దు. మీ బండితో వచ్చిన పుస్తకంలో దీని గురించి ఏమి రాసి ఉందో చూసి, అందులో వద్దని ఉంటే అక్కడితో ఆగిపోండి.

ప్రశ్న: దుమ్ము పడకుండా బండికి పట్టా కప్పి తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: కప్పవద్దు. గాలికి కొట్టుకునే పట్టా, అది ఎంత మెత్తనిదైనా, కిందకు చేరిన దుమ్ముతో కలిసి ట్యాంకునూ ప్యానెళ్ళనూ గీస్తుంది. దుమ్ము పడిన బండిని కడిగితే పోతుంది, గీతలు పడిన బండికి పాలిష్ పట్టవలసి వస్తుంది. బండి మీద నిజంగా పడే దెబ్బ కారు వెనక చక్రాలు ఎగజిమ్మే రాళ్ళది. హెడ్‌లైటు, ముందు మడ్‌గార్డు, రేడియేటరు రెక్కలు వాటికి ఎదురుగా ఉంటాయి. కారుకు వెడల్పైన రబ్బరు మడ్‌ఫ్లాపులు వేయించడం, ట్రైలర్ ముందు భాగంలో నిలువుగా ఒక రేకు గానీ దట్టమైన జాలీ గానీ బిగించడం పట్టా కంటే ఎన్నో రెట్లు మేలు.

వానలో వెళ్ళేటప్పుడు సైలెన్సర్ మూతికి రబ్బరు బిరడా పెట్టి, దానికి ఎర్రని గుడ్డ ముక్క వేలాడదీయండి. బిరడా సంగతి మరిచిపోయి స్టార్టు చేసేవాళ్ళు లేకపోలేదు. బండిని వెనక్కు తిప్పి ఎక్కించేటట్టయితే విండ్‌షీల్డు విప్పేయాలి, అది ముందునుంచి వచ్చే గాలికి తయారైనదే గానీ వెనకనుంచి తోసే గాలికి కాదు. పక్క పెట్టెలు, ట్యాంకు సంచి, తాళం లేకుండా నొక్కితే ఊడే సీటు ఏవీ బండి మీద ఉంచవద్దు.

ప్రశ్న: గేర్లు లేని స్కూటరును ఎలా కట్టాలి? దానికి అంతా ప్లాస్టిక్ ప్యానెళ్ళే, కొక్కెం తగిలించే చోటే కనిపించడం లేదు.

జవాబు: మోటారు సైకిలు కంటే స్కూటరే కష్టమని మేమూ ఒప్పుకుంటాం. గేరులో పెట్టి వెనక చక్రాన్ని ఆపే వీలు దానికి లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు లోపలి క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. అందువల్ల పార్కింగు బ్రేకు ఉంటే వేయాలి, లేకపోతే వెనక బ్రేకు లివరును వెడల్పైన రబ్బరు పట్టీతో నొక్కి కట్టాలి. ముందు బెల్టులకు హ్యాండిల్ కింద ఉన్న ప్యానెల్ ఆధారం కాదు. చక్రానికి పైన, మడ్‌గార్డు లోపల, ఫోర్కు రెండు కాళ్ళూ కలిసే చోట మెత్తని ఉచ్చు దూర్చవచ్చు. కొన్ని స్కూటర్లలో ముందు చక్రాన్ని ఒక వైపు కాలు మాత్రమే పట్టుకుంటుంది, అలాంటప్పుడు కాళ్ళు పెట్టుకునే చోట కింద ఉన్న ఇనుప గొట్టపు ఫ్రేముకు రెండు వైపులా కట్టడం మేలు. వెనక చక్రాన్ని రిమ్ము మీదుగా పట్టీ వేసి ట్రైలర్ నేలకు కట్టేస్తే, అది అటూ ఇటూ జరగదు. ఆ పట్టీ వెనక బ్రేకు కేబుల్‌ను నొక్కకుండా చూసుకోండి.

ప్రశ్న: మోటారు సైకిలును గేరులో ఉంచాలా, న్యూట్రల్‌లోనా? హ్యాండిల్ తాళం వేయవచ్చా? పెట్రోలు తీసేయాలా?

జవాబు: మొదటి గేరులో ఉంచండి. హ్యాండిల్ తాళం వేయవద్దు: హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంటే బెల్టులు సమంగా పట్టవు, పైగా అదురంతా ఆ చిన్న తాళం మేకు మీద పడుతుంది. తాళంచెవి బండికే వదిలేస్తే రాలిపోవచ్చు, స్విచ్చి ఆన్‌లో ఉండిపోతే బ్యాటరీ అయిపోతుంది, కాబట్టి జేబులో వేసుకోండి. అలారం ఉంటే దాన్నీ ఆపండి, లేకపోతే ప్రతి గతుకుకూ మోగుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయనక్కర్లేదు, అంచుదాకా నింపకుండా ఉంటే చాలు. కార్బ్యురేటరు బండ్లలో పెట్రోలు ట్యాప్ తప్పనిసరిగా మూయాలి, ఎందుకంటే అదురుకు కార్బ్యురేటరులో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలుడు బుడ్డి కిందికీ పైకీ కదిలి పెట్రోలు పొంగుతుంది.

ప్రశ్న: బెల్టులు కొనేటప్పుడు ఏమి చూడాలి? పాతవాటిని ఎప్పుడు పారేయాలి?

జవాబు: బెల్టుకు కుట్టిన చీటీ చదవండి. చీటీ లేని బెల్టు ఎంత దళసరిగా ఉన్నా కొనవద్దు. ఐరోపా ప్రమాణం పాటించే బెల్టుల మీద నీలం చీటీ ఉంటే అది పాలియెస్టర్, ఆకుపచ్చ ఉంటే నైలాన్, గోధుమ రంగు ఉంటే పాలీప్రొపిలీన్. బండి కట్టడానికి నీలం చీటీదే తీసుకోండి. నైలాన్ ఎక్కువ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, వానలో బయలుదేరితే బిగువు మీకు తెలియకుండానే తగ్గిపోతుంది. చీటీ మీద తెగే భారం, వాడదగ్గ భారం అని రెండు అంకెలు కనిపించవచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది సాధారణంగా మొదటిది, మీరు లెక్కలోకి తీసుకోవలసినది రెండోది.

అంచు చిట్లినా, కుట్టు ఊడినా, ఎండకు రంగు వెలిసి బిరుసెక్కినా ఆ బెల్టు పని అయిపోయినట్టే. ముడి వేసిన బెల్టు బలం బాగా తగ్గుతుంది, కాబట్టి పొడవు చాలలేదని ముడి వేయకుండా పొడవైనదే కొనండి. మిగిలిన కొసను చుట్టి కట్టేయాలి. వదిలేస్తే అది గాలికి బండిని కొరడాలా కొడుతుంది, లేదా ట్రైలర్ చక్రంలో చుట్టుకుంటుంది. పొడవుగా చాచిన బెల్టు గాలికి బుయ్యిమని మోగుతుంటే, దాన్ని విప్పి ఒక మెలి తిప్పి మళ్ళీ బిగిస్తే అదురు తగ్గుతుంది. బయలుదేరిన పావుగంటకు ఒకసారి ఆగి బిగువు చూసుకోవాలి, బండి, బెల్టులు, ఉచ్చులన్నీ సర్దుకునేది ఆ పావుగంటలోనే. ఆ తర్వాత టీకో భోజనానికో ఆగినప్పుడల్లా చూస్తే సరిపోతుంది.

ప్రశ్న: వేగం పెంచగానే ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగుతోంది. బండిని ఇంకా గట్టిగా కడితే ఆగుతుందా?

జవాబు: ఆగదు, అది కట్టుకు సంబంధించిన సమస్య కాదు. ట్రైలర్ ముందుకొన కారు కొక్కెం మీద తగినంత బరువు మోపనప్పుడు వెనక భాగం ఊగుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలన్నది అమెరికాలో పాటించే లెక్క. ట్రైలర్ 150 కిలోలు, బండి 200 కిలోలు అనుకుంటే 35 నుంచి 52 కిలోలు. ఐరోపా కార్లకు కొక్కెం మీద మోపదగ్గ గరిష్ఠ బరువును తయారీదారు విడిగా ఇస్తాడు, దాన్ని దాటకూడదు. ఇంట్లో మనుషుల బరువు చూసే యంత్రం మీద చెక్క దిమ్మ పెట్టి, ట్రైలర్ ముందుకొనను దాని మీద ఆనిస్తే అంకె తెలిసిపోతుంది. తక్కువ ఉంటే చాక్‌ను కాస్త ముందుకు జరిపి బిగించండి. దారిలో ఊగడం మొదలైతే బ్రేకు నొక్కవద్దు, ఊగుడుకు ఎదురు స్టీరింగూ తిప్పవద్దు. యాక్సిలరేటరు వదిలేసి స్టీరింగును తిన్నగా పట్టుకోండి. ఆగినచోట ట్రైలర్ ప్రతి చక్రం నడిభాగాన్ని, అంటే హబ్‌ను, చేత్తో తాకి చూడటం కూడా అలవాటు చేసుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగులో గ్రీజు లేనట్టే.

ప్రశ్న: దారంతా క్షేమంగా వచ్చిన బండి దించేటప్పుడు పడిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?

జవాబు: ముందు బెల్టులు రెండూ మొదట విప్పి ఉంటారని మా అనుమానం. నొక్కుకుని ఉన్న ఫోర్కు ఒక వైపు బెల్టు వదలగానే బండిని రెండో వైపుకు తోస్తుంది, ఆ సమయంలో పట్టుకునేవాళ్ళు లేకపోతే పడిపోవడమే. ట్రైలర్ నేల సమంగా ఉందో లేదో చూసి, కారు హ్యాండ్‌బ్రేకు వేసి, ట్రైలర్ కారుకు తగిలించి ఉండగానే పని మొదలుపెట్టండి. కారు నుంచి విప్పిన ట్రైలర్ అయితే బండి వెనక్కు జరిగిన మరుక్షణం ముందుకొన గాలిలోకి లేస్తుంది. మొదట వెనక వైపు బెల్టులు విప్పాలి. తర్వాత ఒకరు బండి పక్కన నిలబడి హ్యాండిల్, ముందు బ్రేకు పట్టుకుని ఉంటే, రెండో మనిషి ముందు బెల్టులను మెల్లగా వదలాలి. దించే వాలు పలకను కూడా ట్రైలర్‌కు పట్టీతో కట్టి ఉంచండి, లేకపోతే చక్రం దాని మీదికి రాగానే అది వెనక్కు జారుతుంది. దిగేటప్పుడు ఇంజను ఆపి మొదటి గేరులోనే ఉంచి, క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ వస్తే వెనక చక్రమే బ్రేకు అవుతుంది. ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే, బండి బరువంతా కింద ఉన్న వెనక చక్రం మీదికి పోయి, పైన తేలికైన ముందు చక్రం వాలు పలక మీద జారుతుంది.